చక్కెర కోసం వేసిన వీధి

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, హాంప్‌షైర్‌లో, బ్యూలీ నది ఒడ్డున బక్లర్స్ హార్డ్ అని ఒక చిన్న ఊరుంది. ఇంకొంచెం దిగువకి పోతే నది సొలెంట్ జలసంధిలో కలుస్తుంది, అవతల వైట్ ద్వీపం కనిపిస్తుంది. ఊరంటే ఎర్ర ఇటుక ఇళ్ళు రెండు వరసలు, ఎదురెదురుగా. మధ్యలో గడ్డి పరుచుకున్న వెడల్పాటి వీధి ఏటవాలుగా నీళ్ళ దాకా దిగుతుంది. అంతే ఊరు. సౌతాంప్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళు న్యూ ఫారెస్ట్‌లో గుర్రాలు చూడ్డానికి వెళ్ళి, తిరుగుదారిలో ఇక్కడ ఆగి టీ తాగే ఉంటారు.

మా చిన్నాన్న ఇచ్ఛాపురం నుంచి వచ్చినప్పుడు ఆయన్ని తీసుకెళ్ళాను. రిటైరైన లెక్కల మాస్టారు. వీధి పైభాగంలో నిలబడి కాసేపు అటూ ఇటూ చూసి, "ఊరు చూస్తే ఇంతుంది, వీధి చూస్తే రథం తిరిగే వీధిలా ఉంది. ఇంత వెడల్పు దేనికిరా?" అన్నారు. పక్క బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దావిడకి మా భాష అర్థం కాకపోయినా మేము వీధిని చూపిస్తూ మాట్లాడుకోవడం చూసి, ఏం అడుగుతున్నారని నన్ను ఆరా తీసింది. చెప్పాను. "ఓడలు కట్టడానికి తెచ్చిన ఓక్ దుంగలు పేర్చింది ఇక్కడే నాయనా, నెల్సన్ ఓడ ఇక్కడే పుట్టింది" అని చాలా ప్రేమగా, గర్వంగా చెప్పింది. ఆవిడ చెప్పింది నిజమే. దుంగలు పేర్చారు, బ్రిటిష్ నౌకాదళపు పేరున్న సేనాని నెల్సన్ నడిపిన ఓడ ఇక్కడే తయారైంది. కానీ చిన్నాన్న అడిగిన ప్రశ్నకి అది జవాబు కాదు. మొదటి దుంగ ఆ వీధిలోకి రాకముందే ఆ వీధికి ఆ వెడల్పు వచ్చింది. అది చక్కెర కోసం వేసిన వీధి.

ఈ ఊరి కథని చక్కెర, ఓడలు అని రెండు ముక్కలుగా కోసి చెప్పడం అలవాటైపోయింది. మొదటి ముక్క ఒక జమీందారు కన్న కల, విఫలమైంది, అయిపోయింది. రెండో ముక్క ఓక్ చెట్లూ వడ్రంగులూ యుద్ధనౌకలూ, అదే అసలు కథ. ఈ కోత తప్పని నా అభిప్రాయం. అలా ఎందుకు అనిపిస్తోందో, దానికి నా దగ్గరున్న జవాబుల్లో ఏవి బలంగా ఉన్నాయో ఏవి లేవో రాసి చూసుకోవాలనే ఈ పోస్టు.

రెండో డ్యూక్ ఆఫ్ మాంటెగ్యూ

బ్యూలీలో 1204లో జాన్ రాజు సిస్టర్షియన్ సన్యాసులకి మఠం కట్టించాడు. నది మీద, రేవు మీద మఠానికి కొన్ని ప్రత్యేక హక్కులుండేవి. 1538లో ఎనిమిదో హెన్రీ కాలంలో మఠం మూతపడింది, భూములు థామస్ రయాత్‌స్లీ చేతికొచ్చాయి. ఆ కుటుంబపు ఆడపడుచు ద్వారా అవి మాంటెగ్యూలకి చేరాయి. నది అడుగు నేలతో సహా ఇప్పటికీ ఆ వారసులదే. ఇంగ్లండ్‌లో ప్రైవేటు సొత్తుగా ఉన్న నదులు చాలా అరుదు.

18వ శతాబ్దం మొదట్లో ఈ ఎస్టేటు యజమాని జాన్, రెండో డ్యూక్ ఆఫ్ మాంటెగ్యూ. మఠం నాటి రేవు హక్కులు తనకి సంక్రమించాయి కాబట్టి ఇక్కడ సుంకాల బెడద లేని రేవు పెట్టొచ్చని ఆయన ఆలోచన. మాంటెగ్యూ టౌన్ అని పేరు కూడా పెట్టుకున్నాడు. ఆ రేవుకి సరుకు ఎక్కడి నుంచి వస్తుంది? కరీబియన్ ద్వీపాల నుంచి చక్కెర. 1722లో మొదటి జార్జి రాజు సెయింట్ లూసియా, సెయింట్ విన్సెంట్ ద్వీపాలని ఆయనకి రాసిచ్చాడు. ఆ ద్వీపాలు రాజుగారి పెరట్లో ఖాళీగా పడి ఉన్న స్థలాలు కావు. సెయింట్ విన్సెంట్‌లో కలినాగో ప్రజలూ, వాళ్ళతో కలిసిపోయిన ఆఫ్రికన్ సంతతి వాళ్ళూ కాపురాలుంటున్నారు. ఫ్రెంచివాళ్ళు ఆ ద్వీపాలు తమవంటున్నారు. అయినా డ్యూక్ సొంత ఖర్చుతో ఏడు ఓడలు పంపాడు. నాథనియెల్ యూరింగ్ అనే కెప్టెన్‌ని తన తరఫున డిప్యూటీ గవర్నరుగా నియమించాడు. 1722 డిసెంబరులో వాళ్ళు సెయింట్ లూసియాలో దిగారు. పక్కనున్న మార్టినీక్ నుంచి ఫ్రెంచి గవర్నరు సైన్యాన్ని పంపాడు. 1723 జనవరిలో యూరింగ్ ద్వీపం ఖాళీ చేస్తానని సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

చక్కెర రాలేదు. మాంటెగ్యూ టౌన్ ఆ రెండు వరసల దగ్గరే ఆగిపోయింది. నేను చదివిన వాటిలో చాలామటుకు ఇక్కడ ఒక పేరా అయిపోతుంది, తర్వాతి వాక్యం "అయితే" అని మొదలవుతుంది. డ్యూక్ కల చెదిరింది, అయితే ఆ లోతైన నది, ఆ గట్టి ఒడ్డు, ఆ పక్కనే ఉన్న ఓక్ అడవి ఊరికే పోలేదు, ఓడల తయారీ మొదలైంది అని.

ఆ "అయితే" దగ్గరే నాకు పేచీ.

ఓక్ చెట్ల కాలం

ఓడల కథ తక్కువదేమీ కాదు. దాన్ని తేలిగ్గా తీసెయ్యడం నా ఉద్దేశం కాదు. 1740లలో నౌకాదళం ఆర్డర్లు ఇక్కడికి రావడం మొదలైంది. పనులు పర్యవేక్షించమని డెట్‌ఫర్డ్ నుంచి హెన్రీ ఆడమ్స్ అనే కుర్రాణ్ణి పంపారు. 1713లో పుట్టాడు. వచ్చినవాడు వెనక్కి వెళ్ళలేదు. యార్డు తనే తీసుకుని, తర్వాత కొడుకులతో కలిసి, పదుల సంఖ్యలో యుద్ధనౌకలు కట్టాడు. వీధి చివర నీళ్ళకి దగ్గరగా ఉన్న ఆయన ఇల్లు ఇప్పుడు హోటలు. ఆయన 1805లో, 92 ఏళ్ళ వయసులో పోయాడు. నెపోలియన్ నౌకల్ని నెల్సన్ ఓడించిన ట్రఫాల్గర్ యుద్ధం జరిగిన ఏడాదే. ఆ యుద్ధంలో ఈ ఒడ్డున పుట్టిన ఓడలు మూడున్నాయి: అగమెమ్నాన్, యురియాలస్, స్విఫ్ట్‌షూర్.

ఒక్క అగమెమ్నాన్‌కే సుమారు 2000 ఓక్ చెట్లు పట్టాయంటారు. 64 ఫిరంగుల ఓడ. 1777లో ఆర్డరు, 1781 ఏప్రిల్ 10న నీళ్ళలోకి దింపారు, మొత్తం ఖర్చు 38,000 పౌండ్లు దాటింది. దుంగని గోతి మీద అడ్డంగా పెట్టి ఒకడు పైన, ఒకడు గోతిలో నిలబడి రంపం లాగేవాళ్ళు. కిందవాడి కళ్ళల్లో, ముక్కులో రోజంతా పొట్టు. ఓడ పక్కటెముకలకి సహజంగా వంగి పెరిగిన కొమ్మలే కావాలి, అందుకని అడవిలో తిరిగి ఏ చెట్టు ఏ భాగానికి పనికొస్తుందో చూసి గుర్తు పెట్టుకునేవాళ్ళు. ఓడ దేహం తయారయ్యాక నదిలోకి దింపి, పడవలతో లాక్కుంటూ పోర్ట్స్‌మత్ తీసుకెళ్ళి అక్కడ కొయ్యలూ తెరచాపలూ బిగించేవాళ్ళు. అంత పెద్ద ఓడని ఈ ఇరుకు నది మలుపుల్లోంచి దాటించడం ఎలా సాధ్యమైందో ఒడ్డున నిలబడి చూసినప్పుడల్లా నాకు ఆశ్చర్యమే.

అడవి గురించి కూడా ఒక మాట. ఓక్ కొరత వస్తుందని భయపడి 1698లో, మళ్ళీ 1808లో న్యూ ఫారెస్ట్‌లో కంచెలు కట్టి చెట్లు పెంచడానికి చట్టాలు చేశారు. ఓక్ చెట్టు ఓడకి పనికిరావాలంటే ఇంచుమించు వందేళ్ళు పట్టాలి. 1808 తర్వాత నాటినవి ఎదిగే సరికి ఇనుప ఓడల కాలం వచ్చేసింది. ఆ చెట్లు బతికిపోయాయి.

సరే, నా అసలు వాదన.

సెయింట్ లూసియాకి మళ్ళీ

అగమెమ్నాన్ అనగానే నెల్సన్ గుర్తొస్తాడు. 1793 నుంచి 1796 దాకా ఆయన దానికి కెప్టెన్. ఆ ఓడంటే ఆయనకి చాలా ఇష్టం. కానీ ఆయన ఎక్కడానికి పదేళ్ళ ముందు ఆ ఓడ ఏం చేసిందో ఊళ్ళో చెప్పుకునే కథలో పెద్దగా వినపడదు.

నీళ్ళలోకి దిగిన ఏడాది తిరిగే లోపే, 1782 మొదట్లో, అగమెమ్నాన్ అడ్మిరల్ రాడ్నీ నౌకాదళంతో కరీబియన్ చేరింది. ఫ్రెంచి అడ్మిరల్ డి గ్రాస్ జమైకా మీద దాడికి సిద్ధమవుతున్నాడు. బ్రిటన్‌కి ఉన్న చక్కెర ద్వీపాలన్నిట్లో జమైకా పెద్దది, అన్నిటికన్నా ఎక్కువ లాభం తెచ్చేది. అది పోతే లండన్‌లో ఎన్ని ఇళ్ళు కూలతాయో అందరికీ తెలుసు. రాడ్నీ ఒక ద్వీపంలోని గ్రో ఐలెట్ అనే రేవులో మకాం వేసి ఫ్రెంచివాళ్ళ కదలిక కోసం కాచుకుని కూర్చున్నాడు. ఏప్రిల్ 8న ఫ్రెంచి నౌకలు బయల్దేరాయని కబురు రాగానే లంగరు ఎత్తాడు. ఏప్రిల్ 12న సెయింట్స్ అనే చిన్న దీవుల దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. డి గ్రాస్ పట్టుబడ్డాడు, జమైకా నిలిచింది. అగమెమ్నాన్ ఆ యుద్ధంలో ఉంది.

రాడ్నీ కాచుకుని కూర్చున్న ఆ ద్వీపం సెయింట్ లూసియా. అరవై ఏళ్ళ కిందట మాంటెగ్యూ డ్యూక్ మనుషుల్ని ఫ్రెంచివాళ్ళు తరిమేసిన ద్వీపమే. 1778లో బ్రిటిష్ వాళ్ళు దాన్ని పట్టుకున్నారు.

చక్కెర దిగుమతికి వేసిన వీధిలో దుంగలు పేర్చి, ఆ దుంగలతో ఓడ కట్టి, ఆ ఓడ పోయి అదే చక్కెర కోసం అదే సముద్రంలో యుద్ధం చేసింది. దీన్ని రెండు కథలని ఎలా అనగలం? డ్యూక్ సొంత రేవు విఫలమైన మాట నిజం. ఆ రేవు వెనకున్న వ్యాపారం మాత్రం విఫలం కాలేదు. అది డ్యూక్ చేతిలోంచి రాజ్యం చేతిలోకి వెళ్ళింది. ఊరు చక్కెర దించుకోవడం మానేసి, చక్కెరని కాపాడే ఓడలు కట్టడం మొదలుపెట్టింది. దాని మీదే డెబ్భై ఏళ్ళు బతికింది.

ఆ చక్కెర అంటే ఏమిటో ఈ పోస్టు చదివేవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. బ్రిటిష్ ఓడలు ఆఫ్రికా నుంచి 30 లక్షల మందికి పైగా మనుషుల్ని బానిసలుగా ఎత్తుకుపోయాయి. వాళ్ళల్లో ఎక్కువమంది వెళ్ళింది చెరకు తోటలకే. డ్యూక్‌కి రాసిచ్చిన రెండో ద్వీపం సెయింట్ విన్సెంట్ చివరికి 1763లో బ్రిటన్‌కి దక్కింది. అక్కడి ప్రజలు తమ నేల కోసం ఏళ్ళ తరబడి పోరాడారు. ఓడిపోయాక వేలమందిని బలిసో అనే నీళ్ళు కూడా దొరకని దిబ్బ మీద నిర్బంధించారు, సగం మంది దాకా అక్కడే చచ్చిపోయారు. మిగిలినవాళ్ళని 1797లో ఓడలెక్కించి ఎక్కడో మధ్య అమెరికా తీరంలోని రొవతాన్‌లో వదిలేశారు. ఇప్పటి గరీఫునా ప్రజలు వాళ్ళ సంతతే. డ్యూక్ ప్రయత్నం గెలిచి ఉంటే ఈ పని ఇంకాస్త ముందే జరిగేదని నా అనుమానం. "కల చెదిరింది" అని జాలిగా చెప్పుకునే ఆ కలలో ఇదంతా ఉంది.

రంపం లాగినవాళ్ళ సంగతి

ఈ మాటలు ఆఫీసులో నాతో పనిచేసే ఒకాయనతో అన్నాను. లిమింగ్టన్ వైపు పుట్టి పెరిగినవాడు. నెమ్మదస్తుడు, నాకు మంచి మిత్రుడు. ఆయన కొంచెం నొచ్చుకున్నాడు. "మా ముత్తాతల తండ్రులు అక్కడ రోజుకూలీకి రంపం లాగినవాళ్ళే అయి ఉంటారు. చదువు లేదు, ఓటు లేదు. వాళ్ళు జీవితంలో చక్కెర ఎంత తిన్నారో కూడా నాకు తెలీదు. పెద్దపెద్దవాళ్ళ చరిత్ర ఎటూ పుస్తకాల నిండా ఉంది. ఒక చిన్న ఊరి చరిత్ర అంటే వీళ్ళ గురించి కదా? అందులోకి కూడా నువ్వు సామ్రాజ్యాన్ని లాక్కొస్తే వీళ్ళకి చోటెక్కడ?" అన్నాడు.

నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఇప్పటికీ ఆయన మాటల్లో సగం నన్ను వదల్లేదు. ఊరి చరిత్రలు రాసేటప్పుడు ఇది నిజంగా ఉన్న ప్రమాదమే. ఫలానా రాజు, ఫలానా యుద్ధం, ఫలానా ఒప్పందం అంటూ పోతే చివరికి ఊళ్ళో మనుషులు మిగలరు. మన దగ్గర రాసే ఊరి చరిత్రలు కూడా చాలావరకు రెడ్డిరాజులతో మొదలై జమీందార్లతో ముగుస్తాయి, మధ్యలో కుమ్మరి వీధి గురించి ఒక్క ముక్క ఉండదు. ఆ బాధ నాకు తెలుసు.

కానీ ఆలోచించే కొద్దీ ఆయన వాదన తిరగబడుతోంది. ఆ కూలీకి 1781లో పని ఎందుకుంది? అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నడుస్తోంది, ఫ్రాన్స్ దిగింది, కరీబియన్‌కి ఓడలు కావాలి. 1820కి ఆ ఒడ్డున పని ఎందుకు లేదు? నెపోలియన్ యుద్ధాలు అయిపోయాయి. అంతకు ముందే, 1811కి, ఆడమ్స్ కొడుకులు నౌకాదళం కాంట్రాక్టుల్లో చితికిపోయారు. గడువు దాటితే జరిమానా, దుంగల ధర పెరిగితే నష్టం. వాళ్ళు మునిగితే వాళ్ళని నమ్ముకున్న వీధంతా మునిగింది. రంపం లాగినవాడి ఇంట్లో పొయ్యి వెలగడమా మానడమా అన్నది జమైకా, పారిస్, లండన్‌లలో తేలేది. ఆ దూరపు ఊళ్ళ పేర్లు తీసేస్తే ఆ కూలీ జీవితం ఇంకా చిన్నదైపోతుంది. ఏదో ఓక్ చెట్ల నీడలో పాట పాడుకుంటూ పనిచేసిన బొమ్మలా మిగులుతాడు. అతను అలా లేడు. ఆ కాలపు అతి పెద్ద పరిశ్రమలో ఒక కార్మికుడు అతను.

వాళ్ళ నెత్తిన నేరం పెట్టడం నా ఉద్దేశం కాదని ఆ మిత్రుడికి తర్వాత చెప్పాను. నేరం ఎవరిదని తేల్చడం ఒక పని, ఏం జరిగిందో పూర్తిగా చెప్పడం ఇంకో పని. రెండోది చెయ్యాలంటే మొదటిదానికి భయపడకూడదు. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. "పూర్తిగా చెప్పడం అనేది ఎక్కడ ఆగుతుంది?" అన్నాడు. అది న్యాయమైన ప్రశ్న.

ఇంకో అభ్యంతరం నాకు నేనే చెప్పుకున్నాను. ఈ ఊరి ఓడలన్నీ చక్కెర కోసమే యుద్ధం చెయ్యలేదు. ట్రఫాల్గర్‌లో చక్కెర లేదు. అప్పటికి ఇంగ్లండ్ మీదికి నెపోలియన్ దండెత్తి వస్తాడన్న భయం నిజమైన భయం. ఆ యుద్ధం తర్వాత నెల్సన్ కింది సేనాని కాలింగ్‌వుడ్ విజయవార్తని రాసింది యురియాలస్ మీద కూర్చునే. ఆ గర్వం ఈ ఊరికి ఉండటంలో తప్పేమీ లేదు. 1807లో బానిస వ్యాపారాన్ని నిషేధించాక ఆ నిషేధాన్ని సముద్రం మీద అమలు చేసింది కూడా ఇదే నౌకాదళం. అయితే వీటితో లెక్క సరిపోయిందని చెప్పలేను. ట్రఫాల్గర్ అయిన నాలుగు నెలలకి, 1806 ఫిబ్రవరిలో, అగమెమ్నాన్ మళ్ళీ కరీబియన్‌లోనే శాన్ డొమింగో దగ్గర యుద్ధంలో ఉంది. 1809లో ఉరుగ్వే తీరాన మాల్డొనాడో దగ్గర ఇసుకమేటల్లో ఇరుక్కుని అక్కడే ముగిసింది.

డయాలో, సాంచో

నన్ను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది డ్యూకే. ఆయన్ని ఒక దుర్మార్గపు జమీందారుగా చూపించి ఊరుకుంటే నా వాదన సులువైపోయేది. కానీ ఆయన బతుకు అలా లేదు.

సెనెగల్ ప్రాంతపు బుందు నుంచి అయూబా సులేమాన్ డయాలో అనే చదువుకున్న ముస్లిం యువకుడు గాంబియా నది దగ్గర పట్టుబడి, మేరీలాండ్‌లో బానిసగా అమ్ముడయ్యాడు. తను కూడా ఇద్దరు బానిసల్ని అమ్మడానికే ఆ నది దగ్గరికి వెళ్ళాడు, ఆ కథలోని మెలిక అది. తండ్రికి అరబ్బీలో రాసిన ఒక ఉత్తరం చేతులు మారి ఇంగ్లండ్ చేరింది. 1733లో ఆయన లండన్ వచ్చాడు. ఆయన్ని ఆదరించి, ఇంటికి పంపడానికి సాయం చేసిన పెద్దల్లో ఈ మాంటెగ్యూ డ్యూక్ ముఖ్యుడు. 1734లో డయాలో ఆఫ్రికాకి తిరిగి వెళ్ళిపోయాడు. అలా వెనక్కి వెళ్ళగలిగినవాళ్ళు ఎంత తక్కువమందో తలుచుకుంటే ఇది చాలా పెద్ద విషయం.

ఇగ్నేషియస్ సాంచో సంగతి ఇంకా విచిత్రం. బానిసలని తెచ్చే ఓడలో పుట్టాడని చెబుతారు. పసితనంలోనే గ్రీనిచ్‌లో ముగ్గురు అక్కచెల్లెళ్ళ ఇంటికి చేర్చారు. చదువు చెప్పిస్తే మాట వినడని వాళ్ళ నమ్మకం. పక్కనే బ్లాక్‌హీత్‌లో ఉండే డ్యూక్ ఆ పిల్లాడి చురుకు చూసి పుస్తకాలు ఇస్తూ వచ్చాడు. 1749లో డ్యూక్ పోయాక సాంచో ఆ అక్కచెల్లెళ్ళ ఇంటి నుంచి పారిపోయి డచెస్ దగ్గరికి వెళ్ళి బట్లర్‌గా చేరాడు. ఆయన సంగీతం రాశాడు, ఉత్తరాలు రాశాడు, 1774లో వెస్ట్‌మినిస్టర్‌లో ఓటు వేశాడు. బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేసినట్టు తెలిసిన మొదటి ఆఫ్రికన్ ఆయనేనని చాలాకాలం అనుకున్నారు. అదే ఏడాది పెట్టుకున్న కిరాణా కొట్లో పొగాకు, టీ, చక్కెర అమ్మేవాడు.

చక్కెర రేవు కోసం ఏడు ఓడలు పంపిన మనిషీ, డయాలోని ఇంటికి పంపిన మనిషీ ఒకడే. ఇందులో ఏది అసలు డ్యూక్ అని చాలా రోజులు తలపట్టుకున్నాను. ఇప్పుడు అనిపించేదేమిటంటే, రెండూ ఆయనే. చూసిన మనిషి పట్ల దయ ఉండి, చూడని మనుషుల శ్రమ మీద పట్నం కట్టుకోవడానికి వెనకాడకపోవడం ఆ రోజుల్లో అరుదు కాదు, ఈ రోజుల్లోనూ కాదు. ఊరి కథలో ఈ ఇద్దరి పేర్లూ వస్తే డ్యూక్ పరువు పోదు, పెరగదు. ఆయన బొమ్మ కాకుండా మనిషిగా కనిపిస్తాడు. సాంచో ఈ ఊరికి వచ్చాడా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు. ఈ ఊరిని ఊహించిన బుర్రే ఆ పిల్లాడి చేతిలో పుస్తకం పెట్టింది.

గంజాం

ఇక నా సొంత కారణం. ఈ ఊరి గురించి చదవడం మొదలుపెట్టాక ఆడమ్స్ కట్టిన ఓడల పేర్లు ఒక్కొక్కటే వెతుక్కుంటూ పోయాను. ఏది ఎక్కడ పుట్టిందో అందరూ చెబుతారు. ఏది ఎక్కడ ముగిసిందో కొన్నింటికే చెబుతారు. అందులో కోవెంట్రీ అనే ఓడ దొరికింది. 28 ఫిరంగుల చిన్న ఫ్రిగేట్. 1757లో హెన్రీ ఆడమ్స్ ఈ నది మీదే దాన్ని నీళ్ళలోకి దింపాడు. ప్లాసీ యుద్ధం జరిగిన ఏడాది. మరుసటి ఏడు డిసెంబరులో పిఠాపురం పక్కన చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళు ఓడారు, విజయనగరం ఆనంద గజపతి ఇంగ్లీషువాళ్ళని పిలిపించి కలిసి పోరాడిన యుద్ధం అది. ఆ ఓడ పెద్దదయ్యే లోపల ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చేశాయి.

కోవెంట్రీ చివరి మజిలీ హిందూ మహాసముద్రం. ఫ్రెంచి అడ్మిరల్ సఫ్రెన్‌కీ, బ్రిటిష్ అడ్మిరల్ హ్యూస్‌కీ మధ్య 1782లో మన తూర్పు తీరం పొడవునా, సింహళం దాకా, వరస యుద్ధాలు జరిగాయి. 1783 జనవరిలో కోవెంట్రీ రాత్రిపూట గంజాం దగ్గర కొన్ని ఓడల్ని చూసి కంపెనీ వర్తకపు ఓడలనుకుని దగ్గరికి పోయింది. అవి సఫ్రెన్ నౌకలు. పట్టుబడిపోయింది. దాని మీది వాళ్ళ ద్వారానే సఫ్రెన్‌కి హైదర్ అలీ చనిపోయాడన్న కబురు తెలిసింది. హైదర్ అప్పటికి నెల కిందటే పోయాడు. తన మిత్రుడు లేడని తెలిసి సఫ్రెన్ తన పథకాలన్నీ మార్చుకోవాల్సి వచ్చింది. కోవెంట్రీని ఫ్రాన్స్ పట్టుకుపోయారు. 1786లో విప్పేశారు.

నేను పుట్టిన ఇచ్ఛాపురం 1936 దాకా గంజాం జిల్లాలోనే ఉండేది. మా తాత ఇంటి పత్రాల మీద గంజాం జిల్లా అనే ఉండేది. ఇప్పుడు గంజాం ఒడిశాలో ఉంది, ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట. అది కూడా నది ఒడ్డునున్న, సముద్రానికి ఆనుకున్న ఊరే. ఒకప్పుడు ఆ జిల్లాకి ముఖ్యపట్నం, రేవు, కోట అన్నీ. 1815లో జ్వరాలు ప్రబలి కచేరీలు అక్కడి నుంచి తరలిపోయాక మళ్ళీ పుంజుకోలేదు.

నా మిత్రుడు "పూర్తిగా చెప్పడం ఎక్కడ ఆగుతుంది" అని అడిగినప్పుడు నా మనసులో ఉన్నది ఈ ఊరే. బ్యూలీ నది ఒడ్డున ఒక చెట్టు నరికితే అది ఋషికుల్య మొగలో తేలింది. ఆ చెట్టుతో పనున్న ప్రతి ఊరినీ బక్లర్స్ హార్డ్ చరిత్రలో రాయలేరు, నిజమే. కానీ ఓడ పేరు, పుట్టిన ఏడాది, కట్టినవాడి పేరు రాసిన చోట, అది పనిచేసిన సముద్రం, ముగిసిన రేవు ఇంకొక్క వరసలో పట్టవా? సెయింట్ లూసియా, మాల్డొనాడో, గంజాం. ఆ మూడు పేర్లతో ఆ వీధిని చూసేవాడికి ఓడలు కట్టిన ఊరు సగం మాత్రమే కాక మొత్తం కనిపిస్తుంది. ఊరివాళ్ళ గర్వానికి దానివల్ల ఏ లోటూ రాదు.

రెండో ప్రపంచయుద్ధం ముచ్చట వేరే పోస్టంత ఉంది. నార్మండీ దాడికి ఈ నదిలో పడవలు సిద్ధం చేశారు. బ్యూలీ ఎస్టేటు ఇళ్ళల్లో రహస్య ఏజెంట్లకి చివరి దశ శిక్షణ ఇచ్చేవారు. టిప్పు సుల్తాను వంశంలో పుట్టిన నూర్ ఇనాయత్ ఖాన్ అక్కడే శిక్షణ పొంది ఫ్రాన్స్ వెళ్ళింది, 1944 సెప్టెంబరులో డకావ్ అనే నాజీ నిర్బంధ శిబిరంలో ఆమెని చంపేశారు. హైదర్ అలీ కబురు మోసిన ఓడ పుట్టిన నది దగ్గరికే ఆయన వంశపు పిల్ల రావడం కాకతాళీయమే. అయినా ఈ నది గురించి చదువుతూ ఆమె పేరు చూసినప్పుడు చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను.

ఇంగ్లండ్ వైపు కాగితాలు చాలా ఉన్నాయి, వెతికితే దొరుకుతాయి. మన వైపు సంగతే నాకు కావాలి. 1783 జనవరిలో గంజాం, సోంపేట, బారువ, కళింగపట్నం ఒడ్డున ఉన్నవాళ్ళు ఆ ఫ్రెంచి నౌకల్ని చూసే ఉంటారు. వర్తకపు ఓడలు పట్టుబడితే సరుకు పోగొట్టుకున్న కోమట్లుంటారు, పడవలు నడిపిన వాడబలిజెలు ఉంటారు. ఉత్తర సర్కారుల కైఫియత్తులు చదివినవాళ్ళు, బరంపురం వైపు పాత జమాఖర్చు పుస్తకాలు ఇంట్లో ఉన్నవాళ్ళు, ఆ చలికాలంలో ఫ్రెంచి ఓడల ప్రస్తావన ఎక్కడైనా కనిపించి ఉంటే దయచేసి నాకు తెలియజెయ్యండి. ఒక్క వాక్యమైనా సరే.